ఊళ్లోనే ఉండి పని చేసుకోవడం: గుంటూరు, విజయవాడ వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజనీరింగ్ ఫలితాలు వచ్చే రోజుల్లో, కంపెనీలు "ఇక ఆఫీసుకు రండి" అని మెయిళ్లు పెట్టే రోజుల్లో నా ఫోన్ ఆగదు. పిన్ని వాళ్ళ అబ్బాయి, పక్కవీధి వాళ్ళ కోడలు, చదువుకునేటప్పుడు పెద్దగా మాట్లాడని క్లాస్‌మేట్లు కూడా చేస్తారు. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. ఫోన్లో హడావిడిగా చెప్పేటప్పుడు సగం మర్చిపోతున్నానని కూర్చుని రాశాను.

నేను 2020 మార్చిలో హైదరాబాద్ నుంచి ఒక సూట్‌కేసు, ఆఫీసు లాప్‌టాప్ పట్టుకుని పదిహేను రోజులకని గుంటూరు వచ్చి, బ్రాడీపేటలోనే ఉండిపోయాను. మొదటి రెండేళ్లు అదే కంపెనీకి ఇంటి నుంచి చేశాను, ఆ తర్వాత సొంతంగా. నా పని సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే గైడ్లు, హెల్ప్ పేజీలు రాయడం.

రిమోట్ ఉద్యోగం, ఫ్రీలాన్సింగ్ రెండూ ఒకటేనా?

కాదు. ఈ తేడా తెలియకే చాలామంది దెబ్బతింటున్నారు. రిమోట్ ఉద్యోగంలో మీరు ఉద్యోగే, ఒకటో తారీకు జీతం పడుతుంది, పీఎఫ్ ఉంటుంది, సెలవులుంటాయి, మేనేజరు కూడా ఉంటాడు, మారేది కూర్చునే చోటు ఒక్కటే. ఫ్రీలాన్సింగ్ అంటే మీరొక చిన్న వ్యాపారం పెట్టుకున్నట్టు. పని వెతుక్కోవాలి, బేరం మాట్లాడాలి, బిల్లు పంపాలి, వసూలు చేసుకోవాలి, పన్ను కట్టుకోవాలి. జ్వరం వచ్చి వారం పడుకుంటే ఆ వారం డబ్బులు రావు.

ఇది కరోనాతో వచ్చింది, కరోనాతో పోతుంది అంటున్నారు. నిజమేనా?

ఊహ కొత్తది కాదు. ట్రాఫిక్‌లో గంటలు గంటలు పోగొట్టుకునే బదులు పనినే మనిషి దగ్గరికి పంపితే పోదా అని జాక్ నిల్స్ అనే అమెరికన్ 1973లోనే 'టెలికమ్యూటింగ్' అనే మాట పుట్టించాడు. అప్పుడు ఇళ్లల్లో కంప్యూటర్లు లేవు, నెట్ లేదు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక, అది కుదరదు అని అప్పటిదాకా వాదించిన మేనేజర్లే వారం రోజుల్లో కుదిర్చేశారు. ఆ తర్వాత చాలా కంపెనీలు వారానికి మూడు రోజులో ఐదు రోజులో రమ్మన్నాయి, అదీ నిజమే, కాబట్టి పూర్తి రిమోట్ ఉద్యోగాలు 2021లో దొరికినంత తేలిగ్గా ఇప్పుడు దొరకవు. ఫ్రీలాన్సింగ్ మాత్రం వేరే దారిలో పెరుగుతూనే ఉంది.

2022 జూన్‌లో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదికలో మన దేశంలో గిగ్ పనివాళ్ళు, అంటే నెల జీతం కాకుండా చేసిన పనికింత అని తీసుకునేవాళ్ళు, 2020-21లో 77 లక్షల మంది అని, 2029-30 నాటికి 2.35 కోట్లు అవుతారని అంచనా వేశారు. ఇందులో డెలివరీ కుర్రాళ్ళు, క్యాబ్ డ్రైవర్లు కూడా ఉన్నారు, అందరూ లాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్ళే అనుకోకండి. మన రాష్ట్ర ప్రభుత్వం కూడా 2025 ఫిబ్రవరిలో, ముఖ్యంగా ఆడవాళ్ళ కోసం, వర్క్ ఫ్రమ్ హోమ్‌ను పెద్దఎత్తున తెస్తామని ప్రకటించింది.

అసలు జనానికి ఇందులో ఏం నచ్చుతోంది? డబ్బు మిగలడమేనా?

డబ్బు మిగులుతుంది, కాదనను. హైదరాబాద్‌లో ఇద్దరం కలిసి ఉన్న ఫ్లాటు అద్దె, మెయింటెనెన్స్, రోజూ క్యాబ్, బయట తిండి, నెలకి రెండుసార్లు శాతవాహనో గోల్కొండో ఎక్కి ఊరికి రావడం, పండక్కి టికెట్ దొరక్క ప్రైవేటు బస్సుకి మూడింతలు పెట్టడం, ఇవన్నీ కలిపితే నా జీతంలో సగం పైనే అక్కడే పోయేది. జీతం పెరగకపోయినా గుంటూరు వచ్చిన మొదటి నెలే నా ఖాతాలో తేడా కనిపించింది.

కానీ నన్ను ఇక్కడ ఆపింది అది కాదు. 2021లో మా నాన్నగారికి గుండెకి స్టెంట్ వేశారు. ఆసుపత్రికి తీసుకెళ్లింది, రాత్రి పక్కన కూర్చుంది, తెల్లారి ఇంటికొచ్చి స్నానం చేసి తొమ్మిదింటికి మీటింగులో కూర్చుంది నేనే. అదే హైదరాబాద్‌లో ఉండుంటే ఆ కబురు నాకు ఫోన్లో తెలిసేది, నేను వచ్చేసరికి అంతా అయిపోయేది. ఇప్పుడు పొద్దున్నే అమ్మతో కాఫీ తాగుతాను, మధ్యాహ్నం పప్పు, ఆవకాయ, వేడన్నం. సాయంత్రం ఆరింటికి ఏం చేయాలన్నది నా చేతిలో ఉంటుంది. రోజు నా చేతిలో ఉండడం, నాకు దీని విలువంతా అందులోనే ఉంది. ఆ రోజును కాపాడుకోవడం చేతకాకపోతే మాత్రం ఆఫీసులో కంటే ఎక్కువ గంటలు ఇంట్లోనే కూర్చుంటాం, మా స్నేహితుల్లో అలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు.

విజయవాడ, గుంటూరులో కూర్చుని ఎలాంటి పనులు చేయొచ్చు?

కోడింగ్ ఒక్కటే అనుకుంటారు, అది పొరపాటు. నాకు తెలిసినవాళ్ళు చేస్తున్నవే చెప్తాను. పటమటలో ఒకమ్మాయి అమెరికా ఆసుపత్రుల బిల్లులకి మెడికల్ కోడింగ్ చేస్తుంది, అంటే జబ్బులకీ చికిత్సలకీ కోడ్ నంబర్లు వేస్తుంది, ఆ పనికుండే సీపీసీ పరీక్ష పాసై రెండేళ్లు ఆఫీసుకి వెళ్లాక ఇంటి నుంచి చేయనిచ్చారు. టాలీ బాగా వచ్చిన ఒక బీకాం అబ్బాయి క్విక్‌బుక్స్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ నేర్చుకుని ఇంగ్లండ్‌లో ఇద్దరు చిన్న వ్యాపారుల లెక్కలు రాస్తున్నాడు. సివిల్ చదివిన ఒకతను ఆటోక్యాడ్‌లో ఇళ్ల డ్రాయింగులు గీస్తాడు. వీడియో ఎడిటింగ్, యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు, తెలుగు డబ్బింగ్ గొంతు, సబ్‌టైటిళ్లు, అనువాదం, అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలకి ఆన్‌లైన్‌లో లెక్కలో సంగీతమో చెప్పడం, ఇవన్నీ ఉన్నాయి.

మన ఊళ్లో ఉన్న పనిని మాత్రం ఎవరూ చూడరు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మిర్చి యార్డు చుట్టూ ఎగుమతి వ్యాపారులు ఎంతమంది ఉన్నారు, వాళ్ళలో ఒక మంచి ఇంగ్లిష్ బ్రోచరు, సరైన వెబ్‌సైటు ఉన్నవాళ్ళు ఎంతమంది? మంగళగిరి చేనేత చీరలు అమ్మేవాళ్ళు, కొత్తపేట ఆసుపత్రులు, ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపులు, బీసెంట్ రోడ్డు బట్టల కొట్లు, కోచింగ్ సెంటర్లు, అందరికీ ఫోటోలు కావాలి, పోస్టర్లు కావాలి, గూగుల్ మ్యాప్‌లో షాపు సరిగ్గా కనపడాలి. డబ్బు తక్కువే ఇస్తారు, ఒప్పుకుంటాను, బేరం కూడా ఆడతారు. కానీ మొదటి ఐదు పనులు, చూపించుకోవడానికి ఐదు నమూనాలు ఇక్కడే పుడతాయి.

మొదటి క్లయింట్ ఎలా దొరుకుతాడు? అప్‌వర్క్‌లో 40 అప్లికేషన్లు పెట్టాను, ఒక్క జవాబు లేదు.

అందరికీ ఇదే అనుభవం. అప్‌వర్క్, ఫైవర్ లాంటి, ఫ్రీలాన్స్ పనులు దొరికే సైట్లలో ప్రపంచం మొత్తం వచ్చి కూర్చుంటుంది, అప్‌వర్క్‌లో అప్లై చేయడానికి కూడా 'కనెక్ట్స్' అనే టోకెన్లు ఖర్చవుతాయి, ఫైవర్ మీ సంపాదనలో 20 శాతం తీసుకుంటుంది. ఇది అన్యాయం అనను, క్లయింటుని వెతికి పెట్టినందుకు వాళ్ళు తీసుకునే కమీషన్ అది, మన ధాన్యం బ్రోకరు తీసుకోడా. కాకపోతే లెక్కలో ముందే వేసుకోవాలి.

మీ 40 అప్లికేషన్లు తీసి చదవండి. అన్నీ ఒకేలా ఉంటే, "నేను కష్టపడి పనిచేస్తాను, నాకు అవకాశం ఇవ్వండి" అని ఉంటే, అందుకే జవాబు రాలేదు. అవతలివాడికి మీ కష్టం గురించి అక్కర్లేదు, వాడి సమస్య గురించి కావాలి. నేను మొదట్లో చేసింది చెప్తాను. ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ హెల్ప్ పేజీ చదివి, అందులో కొత్తవాళ్ళకి అర్థంకాని చోట్లు మూడు పట్టుకుని, వాటిలో ఒకటి తిరగరాసి పంపాను. మిగతా రెండూ రాయలేదు, ఎక్కడున్నాయో మాత్రం చెప్పాను. అలా పన్నెండు కంపెనీలకి పంపితే ఇద్దరు జవాబిచ్చారు, ఒకరు పని ఇచ్చారు. ఆ ఒక్కరి ద్వారానే తర్వాత ముగ్గురు వచ్చారు.

లింక్డ్‌ఇన్‌లో పాత ఆఫీసు వాళ్ళని పలకరించడానికి సిగ్గుపడకండి. నేను చూసినంతలో చాలామందికి మొదటి మంచి పని వాళ్ళని ఎరిగున్న మనిషి దగ్గరనుంచే వచ్చింది.

గంటకి ఎంత అడగాలి?

పక్కవాడు ఎంత అడుగుతున్నాడో చూసి అంతకంటే ఒక వంద తగ్గించి అడగడం మనవాళ్ళకి అలవాటు. అలా చేస్తే మూడు నెలల్లో నీరసం వస్తుంది. ముందు మీ లెక్క వేసుకోండి. ఇంటికి నెలకి 40,000 కావాలి అనుకుందాం. నెట్, కరెంటు, లాప్‌టాప్ తరుగు, సాఫ్ట్‌వేర్ చందాలు, ఆరోగ్య బీమా, అన్నీ కలిపి 10,000. పని లేని నెలల కోసం పక్కన పెట్టేది ఇంకో 10,000. మొత్తం 60,000. రోజుకి ఎనిమిది గంటలు కూర్చున్నా డబ్బు వచ్చే పని ఐదు గంటలే ఉంటుంది, మిగతాది మెయిళ్లు, బిల్లులు, పని వెతుక్కోవడం. ఐదు గంటలు, ఇరవై రోజులు, అంటే వంద గంటలు. గంటకి 600. ఇంతకంటే తక్కువకి ఒప్పుకుంటే ఆ తేడా మీ జేబులోంచి పోతున్నట్టే.

పని చేతికి వచ్చాక గంటల లెక్క మానేసి పనికింత అని చెప్పడం మంచిది, ఎందుకంటే మీరు వేగంగా చేయడం నేర్చుకున్న కొద్దీ గంటల లెక్కలో మీకే తక్కువ వస్తుంది.

పని అయ్యాక డబ్బులు ఎగ్గొడితే?

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. నాకూ జరిగింది. 2022లో సొంతంగా మొదలుపెట్టిన నాలుగో నెలలో తెలిసినవాళ్ళ ద్వారా వచ్చిన ఒకతను పని ఇచ్చాడు, తెలిసినవాళ్ళే కదా అని నేను అడ్వాన్సు అడగలేదు, కాగితం రాసుకోలేదు. ఆరు వారాలు పనిచేసి ఇచ్చాక ఫోన్ ఎత్తడం మానేశాడు. 85,000 పోయింది. ఆ నెల ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, రాత్రుళ్లు నిద్రపట్టేది కాదు, డబ్బు కంటే నన్ను నేను మోసం చేసుకున్నానన్న బాధ ఎక్కువ.

అప్పటినుంచి ఎవరైనా సరే, మా మేనమామ అయినా సరే, సగం అడ్వాన్సు రాకుండా ఫైలు తెరవను. పెద్ద పనిని మూడు ముక్కలు చేస్తాను, ఒక ముక్కకి డబ్బు పడ్డాకే తర్వాతది మొదలుపెడతాను. ఏం చేస్తాను, ఎన్నిసార్లు మార్పులు చేస్తాను, ఎప్పటికి ఇస్తాను, ఎంత, ఇవి ఒక మెయిల్‌లో రాసి "సరే" అనిపించుకుంటాను. స్టాంపు పేపరు అక్కర్లేదు, ఆ మెయిలే చాలా గొడవలు రాకుండా ఆపుతుంది.

మన దేశంలో క్లయింట్లు ఉన్నవాళ్ళు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు, చేయించుకోండి, అది ఉచితం, ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం రిజిస్టరైన చిన్న సంస్థకి ఒప్పందం ఉన్నా కూడా 45 రోజుల లోపు డబ్బు ఇచ్చితీరాలి, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులు. ఇవ్వకపోతే ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. పెద్ద కంపెనీలకి ఈ సంగతి మర్యాదగా గుర్తుచేస్తే బిల్లు త్వరగా కదలడం నేను చూశాను.

ఫారిన్ నుంచి డబ్బు ఎలా తెప్పించుకోవాలి?

బ్యాంకుకి నేరుగా వైర్ ట్రాన్స్‌ఫర్, పేపాల్, పేయోనీర్, వైజ్, ఏదైనా చట్టబద్ధమే. చూడాల్సింది పైకి చెప్పే ఫీజు కాదు, డాలరుకి ఎంత రేటు కట్టారన్నది, అసలు కోత అక్కడే ఉంటుంది. ఒకసారి చిన్న మొత్తం తెప్పించి ఆ రోజు గూగుల్‌లో ఉన్న రేటుతో పోల్చుకోండి. ఆ డబ్బు దేనికి వచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ అడుగుతారు, మీ పనికి తగ్గది ఎంచుకోండి, పొరపాటున కుటుంబ పోషణకి పంపిన డబ్బు అని పెట్టొద్దు. ప్రతి చెల్లింపుకీ బ్యాంకు ఇచ్చే విదేశీ జమ ధ్రువీకరణ కాగితం దాచుకోండి, జీఎస్టీ దగ్గర అదే మీ సాక్ష్యం.

ట్యాక్స్ సంగతేంటి? విదేశీ డబ్బుకి పన్ను ఉండదట కదా?

ఉంటుంది. ఇక్కడ కూర్చుని సంపాదించింది ఎక్కడినుంచి వచ్చినా ఇక్కడ ఆదాయమే.

1961 ఆదాయపు పన్ను చట్టంలో 44ఏడీఏ అనే సెక్షన్ ఉండేది. ఇంజనీరింగ్, టెక్నికల్ కన్సల్టెన్సీ, అకౌంటింగ్, ఐటీ లాంటి కొన్ని వృత్తులవాళ్ళు వచ్చిన మొత్తంలో సగాన్ని ఆదాయంగా చూపిస్తే చాలు, ఖర్చుల బిల్లులు పుస్తకాలు అక్కర్లేదు. పరిమితి 50 లక్షలు, నగదు రూపంలో వచ్చింది 5 శాతం మించకపోతే 75 లక్షలు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి, అయినా అందరి నోటా ఇంకా 44ఏడీఏ అనే మాటే ఉంది. 2025-26 సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను మాఫీ (రిబేటు) ఉంది కాబట్టి, ఈ పద్ధతిలో 20 లక్షలు వచ్చిన మనిషికి ఆదాయం 10 లక్షలుగా లెక్కకొచ్చి పన్ను పడదు. మీ వృత్తి ఆ జాబితాలో ఉందో లేదో మాత్రం ఆడిటర్ గారిని అడగండి, డిజైనర్లు, రచయితల విషయంలో అంత తేలిగ్గా తేలదు. ఆడిటర్ ఫీజు వృథా ఖర్చు కాదు.

ఈ సగం లెక్క పద్ధతిలో పన్ను పడేవాళ్ళు అడ్వాన్స్ ట్యాక్స్ మార్చి 15 లోపు కట్టేయాలి. ఇక్కడి క్లయింట్లు మీకిచ్చే డబ్బులోంచి టీడీఎస్ అని పన్ను ముందే పట్టుకుంటే ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ ఖాతాలో కనిపిస్తుంది, చూసుకుని రిటర్నులో తిరిగి తెచ్చుకోండి, చాలామంది ఊరికే వదిలేస్తున్నారు.

సేవలకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఏడాదికి 20 లక్షలు దాటితేనే తప్పనిసరి. దాటాక కూడా విదేశీ క్లయింట్లకి చేసింది ఎగుమతి కింద లెక్క, ప్రతి ఆర్థిక సంవత్సరం ఎల్‌యూటీ అనే హామీ పత్రం పెట్టుకుంటే పన్ను కట్టకుండానే బిల్లు వేయొచ్చు.

కరెంటు పోతుంది, నెట్ పోతుంది. ఇక్కడినుంచి ఎలా నమ్ముకోవడం?

రౌటరుకి పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి కొనండి, ఇన్వర్టర్ ఉన్నా కొనండి, ఎందుకంటే ఇన్వర్టర్ మారే ఆ ఒక్క క్షణంలోనే రౌటరు ఆగి మళ్ళీ లేవడానికి రెండు నిమిషాలు తీసుకుంటుంది, క్లయింటు ముందు అది యుగంలా ఉంటుంది. ఇంటికి ఒక కంపెనీ ఫైబర్ ఉంటే ఫోన్లో వేరే కంపెనీ సిమ్ ఉంచుకోండి. మే నెలలో మధ్యాహ్నాలు ఏసీ లేని గదిలో లాప్‌టాప్ కూడా పని చేయనంటుంది, ఆ నెలలో నేను తెల్లవారుజామున ఐదింటికే కూర్చుంటాను.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో ఉన్న నా స్నేహితురాలు మొదటి అంతస్తులో చిక్కుకుపోయింది. కరెంటు లేదు, కింద ఇల్లంతా నీళ్లు, ఫోన్లో 30 శాతం ఛార్జింగ్. తను ముందు ఇంట్లోవాళ్ళకి, ఆ వెంటనే ముగ్గురు క్లయింట్లకి రెండు వాక్యాల మెసేజ్ పెట్టింది: మా ఊళ్లో వరద, నేను క్షేమం, ఎప్పుడు తిరిగొస్తానో తెలియదు, ఫైళ్లన్నీ డ్రైవ్‌లో ఉన్నాయి. పడవలో బయటికొచ్చి గుంటూరు మా ఇంటికి చేరేసరికి ముగ్గురూ "పని సంగతి తర్వాత" అని జవాబిచ్చి ఉన్నారు. ఒక్కరూ వదిలి వెళ్లలేదు. ముందే చెప్పడం, ఫైళ్లు ఇంటి బయట ఒక కాపీ ఉండడం, ఆ రెండే తనని కాపాడాయి.

రాత్రంతా మేలుకోవాలా?

క్లయింటు ఎక్కడున్నాడో చూసి ఎంచుకోండి. న్యూయార్క్‌లో ఉదయం 10 అయితే మనకి రాత్రి 7:30, నవంబర్ నుంచి మార్చి దాకా 8:30. లండన్‌లో ఉదయం 10 మనకి మధ్యాహ్నం 2:30, చలికాలంలో 3:30. సిడ్నీలో మధ్యాహ్నం 2 మనకి ఉదయం 9:30, వాళ్ళ వేసవిలో 8:30. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా పనులు మన ఒంటికి సరిపోతాయి. అమెరికా వాళ్ళతో అయితే వారానికి రెండు కాల్స్ అని ముందే మాట్లాడుకుని మిగతాది మెయిల్‌లో నడిపించొచ్చు. డబ్బు ఎక్కువని రోజూ తెల్లవారుజామున మూడింటిదాకా కూర్చున్న మా తమ్ముడికి ఏడాది తిరక్కుండా బీపీ వచ్చింది, వాడికి 29 ఏళ్లు.

ఇంట్లో కూర్చుంటే ఖాళీగా ఉన్నట్టే అనుకుంటున్నారు. పెళ్లి సంబంధాలప్పుడు ఏం చెప్పాలి?

"ఇంట్లోనే ఉన్నావుగా, గ్యాస్ వాడొస్తాడు చూడు", "కాస్త పిన్నిని బస్టాండ్ దాకా దింపి రా". కోపం తెచ్చుకోకండి, వాళ్ళు చూసిన ఉద్యోగం క్యారేజీ పట్టుకుని పొద్దున్నే వెళ్లేది. మాటలతో నచ్చజెప్పడం కంటే తలుపు మూసే ఒక గది, లేకపోతే ఒక మూల, ఒక టైం, అవి రోజూ అలాగే ఉండడం ఎక్కువ పని చేస్తుంది. మా అత్తగారికి నేను ఒకరోజు నా బిల్లులు, బ్యాంకులో పడ్డ డబ్బు చూపించి, ఎవరికి ఏం చేసి పెడతానో తెలుగులో వివరంగా చెప్పాను. ఆ తర్వాత ఎవరైనా వస్తే "కోడలు పనిలో ఉందండీ, ఆరింటికి వస్తుంది" అని ఆవిడే చెప్తున్నారు.

సంబంధాల దగ్గరకొస్తే ఉద్యోగం పేరు అడుగుతారు, కంపెనీ పేరు అడుగుతారు, అక్కడ నసగకండి. మూడేళ్ల ఐటీ రిటర్నులు చూపించండి. ఇంటి లోనుకి వెళ్లినా బ్యాంకు మేనేజరు అడిగేదీ అవే రిటర్నులు, కాబట్టి పన్ను పడకపోయినా ఏటా రిటర్ను వేయండి.

చిన్నపిల్లలున్న ఆడవాళ్ళకి ఇది అనుకూలమేనా?

అనుకూలమే, కానీ అందరూ చెప్పేంత తేలిక కాదు. బిడ్డని ఒళ్లో పెట్టుకుని లాప్‌టాప్ మీద పనిచేసే ఫోటోలు చూసి నమ్మకండి. పని గంటల్లో బిడ్డని చూసుకునే ఇంకో మనిషి ఉండాలి, అమ్మో అత్తగారో ఆయాయో, లేదా బడి గంటలో. ఆ మనిషి లేకపోతే పని రాత్రి పదింటికి మొదలవుతుంది. ఇంటి పనీ ఆఫీసు పనీ రెండూ ఒకే మనిషి నెత్తిన పడితే దాన్ని సౌకర్యం అనకూడదు. భర్త కూడా ఇంట్లోంచే పనిచేస్తుంటే పనులు పంచుకునే మాట మొదటి నెలలోనే మాట్లాడుకోండి, ఆలస్యమైన కొద్దీ మాట్లాడడం కష్టం. ఇవి కుదిరినచోట, పిల్లలు పుట్టాక మానేసిన ఉద్యోగం అయిదారేళ్ల తర్వాత మళ్ళీ చేతికి రావడం నేను కళ్లారా చూశాను, అది ఎంత ధైర్యమిస్తుందో వాళ్ళ నడకలోనే తెలుస్తుంది.

ఇంట్లోంచి డేటా ఎంట్రీ, రోజుకి 3,000 అని మెసేజ్ వచ్చింది. నమ్మొచ్చా?

వద్దు. పని ఇచ్చేవాడు మన దగ్గర డబ్బు తీసుకోడు. రిజిస్ట్రేషన్ ఫీజు, డిపాజిట్, ట్రైనింగ్ కిట్, ఏ పేరు పెట్టినా అది మోసమే. టెలిగ్రామ్‌లో రేటింగులు ఇస్తే డబ్బులని మొదట రెండు మూడు వందలు నిజంగానే వేస్తారు, నమ్మకం కుదిరాక వేలల్లో కట్టమంటారు. ఇంకో రకం, డేటా ఎంట్రీ చేయించుకుని "తప్పులున్నాయి, అగ్రిమెంటు ప్రకారం జరిమానా కట్టు, లేకపోతే కోర్టు నోటీసు" అని లాయరు పేరుతో బెదిరిస్తారు. భయపడి కట్టొద్దు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత అవకాశం. పరువు పోతుందని దాచుకోకండి.

ఉద్యోగం చేస్తూనే పక్కన ఫ్రీలాన్సింగ్ చేయొచ్చా?

మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవండి. చాలావాటిలో వేరే పని చేయకూడదని ఉంటుంది. 2022లో పోటీ కంపెనీలకి కూడా పనిచేస్తున్న 300 మందిని తీసేశామని విప్రో చైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ బహిరంగంగానే చెప్పారు. అడిగి రాతపూర్వకంగా అనుమతి తీసుకుంటే కొన్ని కంపెనీలు ఇస్తాయి. ఇవ్వకపోతే ఆ టైంలో నేర్చుకోండి, నమూనాలు తయారు చేసుకోండి, ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో పెట్టుకుని అప్పుడు బయటికి రండి.

ఏఐ వచ్చాక ఈ పనులుంటాయా?

నా రంగంలోనే తగ్గాయి, దాచను. మామూలు వ్యాసం, మామూలు అనువాదం, మామూలు లోగో, వీటికి ఇచ్చే డబ్బు బాగా పడిపోయింది. నా క్లయింట్లలో ఒకరు 2023లో నన్ను మానేసి ఏఐతో రాయించుకుని, ఏడాది తర్వాత "ఏఐ రాసింది చదివి మా కస్టమర్లు తప్పు బటన్లు నొక్కుతున్నారు" అని తిరిగొచ్చారు. ఇప్పుడు నేను కూడా మొదటి చిత్తుకి ఏఐ వాడతాను, ఆ సంగతి క్లయింటుకి చెప్పే వాడతాను, తర్వాత సాఫ్ట్‌వేర్ తెరిచి ఒక్కో అడుగు నేనే చేసి చూస్తాను. తప్పైతే జవాబుదారీ నేనని పేరు పెట్టే మనిషికి ఇంకా పని ఉంది. కొత్తగా వచ్చేవాళ్ళు ఒక పరికరం మాత్రమే నేర్చుకుని ఆగకుండా ఒక వ్యాపారాన్ని, ఆసుపత్రి బిల్లింగో ఎగుమతి కాగితాలో, లోతుగా తెలుసుకోమంటాను.

ఒంటరిగా అనిపించదా?

అనిపిస్తుంది. మొదటి ఏడాది ఇంట్లోవాళ్ళతో తప్ప మాట్లాడని వారాలున్నాయి. ఇప్పుడు పొద్దున ఎన్టీఆర్ స్టేడియంలో నడక తప్పనివ్వను, నెలకో శనివారం మాలాంటివాళ్ళం ఆరేడుగురం విజయవాడలోనో గుంటూరులోనో కలుస్తాం, రేట్లు, క్లయింట్లు, పిల్లల చదువులు అన్నీ మాట్లాడుకుంటాం. నాకు వచ్చిన మంచి పనుల్లో రెండు ఆ టేబుల్ దగ్గరే దొరికాయి.

పీఎఫ్ లేదు, ఇన్సూరెన్స్ లేదు. రేపు ఏంటి?

ఆరోగ్య బీమా మొదటి నెలలోనే తీసుకోండి, అమ్మానాన్నలకి విడిగా. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ తీసేశారు, కాస్త తేలికైంది. పీఎఫ్ బదులు పీపీఎఫ్ అనే పొదుపు ఖాతాలోనో ఎన్‌పీఎస్ అనే పింఛను ఖాతాలోనో నెలనెలా వేయండి. నేను ప్రతి బిల్లు డబ్బులోనూ నాలుగో వంతు వచ్చిన రోజే వేరే ఖాతాకి పంపేస్తాను, పన్నుకీ పని లేని నెలలకీ అదే.

కుదరకపోతే మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకుంటారా? గ్యాప్ అంటారేమో?

మా గుంపులో ఇద్దరు తిరిగి వెళ్లారు, ఒకరు విజయవాడలోనే, ఒకరు హైదరాబాద్‌లో. ఇద్దరినీ గ్యాప్ గురించి అడిగారు. క్లయింట్ల నుంచి రాయించుకున్న ఉత్తరాలు, బిల్లులు, చేసిన పనుల లింకులు ఉన్నమ్మాయికి ఆ ప్రశ్న ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఏమీ దాచుకోని అబ్బాయి రెండేళ్లు నిజంగానే పనిచేసినా కూడా చూపించుకోలేక తక్కువ జీతానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. ప్రతి పని ముగిశాక క్లయింటుని నాలుగు వాక్యాలు రాసివ్వమని అడగండి, సంతోషంగా ఉన్నప్పుడే అడగండి, ఆరు నెలలు ఆగితే వాళ్ళకీ గుర్తుండదు.